మారేడ్‌పల్లి ఇంటి గడ్డ లిల్లీలు: నాలుగు వేసవుల కేస్ స్టడీ

2022 మార్చిలో వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. “ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశామమ్మా, సంక్రాంతి వెళ్ళాక కూలగొడతారంట, మా అత్తగారు పెట్టిన లిల్లీ గడ్డలున్నాయి, అవి మా అయిదుగురు పిల్లలకీ పంచాలి, మూడేళ్ళుగా సరిగ్గా పూయట్లేదు కూడా, ఒకసారి వచ్చి చూసిపోతావా” అని ఒక్క గుక్కలో చెప్పేశారు. పెరటి తోటలూ మిద్దె తోటలూ చూసిపెట్టడం నా పని, పదేళ్ళు దాటింది. ఎవరైనా కొత్త మొక్కలు కావాలంటారు. ఈవిడకి పాతవే కావాలి, అదీ ఎక్కువ కావాలి, అదీ పది నెలల్లో కావాలి. చివరికి ఆ పనికి మూడేళ్ళు పైనే పట్టింది. ఏం చేశానో, ఎక్కడ పోగొట్టుకున్నానో లెక్కలతో సహా రాస్తున్నాను. గడ్డ మొక్కల మీద మనకి దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాల వాళ్ళు వాళ్ళ కోసం రాసుకున్నవి, వాటిని మన మే నెల ఎండలో, మన జులై వానలో అలాగే పాటిస్తే గడ్డ కుళ్ళిపోతుంది. నాకూ అదే జరిగింది.

ముందు మొక్క సంగతి. నర్సరీల్లో దీన్ని అమరిల్లిస్ అంటారు, చాలా ఇళ్ళలో గడ్డ లిల్లీ అనో ఉల్లిగడ్డ లిల్లీ అనో అంటారు. శాస్త్రీయంగా దీని పేరు హిపియాస్ట్రమ్, పుట్టిల్లు దక్షిణ అమెరికా. అసలు అమరిల్లిస్ అనే పేరు దక్షిణాఫ్రికాకి చెందిన వేరే మొక్కది. మారేడ్‌పల్లి అమ్మగారింట్లో ఉన్నది ఎర్ర రేకు నడిమధ్య తెల్ల చార ఉండే పాతకాలపు రకం. ఈ పోలికతో మొట్టమొదటి హైబ్రిడ్‌ని 1799లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల తయారీదారు సృష్టించాడు, హిపియాస్ట్రమ్‌లలో తొలి హైబ్రిడ్‌గా చెప్పేది దాన్నే. ఇప్పుడు నర్సరీ మేళాల్లో దొరికేవి ఎక్కువగా పెద్ద పూల డచ్ రకాలు. అవి అందంగానే ఉంటాయి, కానీ అమ్మగారికి అవి వద్దు. “మా పెళ్ళయిన ఏడాది మా అత్తగారు నా చేత పెట్టించిన గడ్డలివి, వీటికి బదులు వేరేవి తెచ్చి ఇస్తే అవి వీటివి ఎలా అవుతాయి” అన్నారు. ఆ మాటతో నా పని తేలిపోయింది. అదే మొక్క కావాలి. అంటే విత్తనం పనికిరాదు, హైబ్రిడ్ విత్తనం నుంచి తల్లి పోలికే వస్తుందని నమ్మకం లేదు. పిలకలైనా విడదీయాలి, గడ్డనైనా కోసి పెంచాలి.

వెళ్ళి చూస్తే ప్రహరీ గోడ పొడవునా ఎనిమిది అడుగుల పాదు. పైన మామిడి చెట్టు. తూర్పున పక్కింటి స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది, దాంతో పొద్దుటి ఎండ మొత్తం పోయింది. గడ్డలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఇరుకు బస్సులో నిలబడ్డ జనంలా, కొన్ని మట్టి పైకి తన్నుకొచ్చేసి కొన్ని జానెడు లోతుకి దిగిపోయి ఉన్నాయి. పాదు మొత్తం మీద ఆ ఏడు వచ్చినవి రెండే పూల కాడలు. ఎండ లేకపోవడం, ఇరుకు, ఈ రెండూ చూడగానే తెలిసిన కారణాలే. మూడోది మాటల్లో బయటపడింది. పూలయిపోగానే ఏటా జూన్‌లో, వాన పడే ముందు, తోట శుభ్రంగా కనబడాలని మాలి ఆకులన్నీ కత్తిరించేస్తాడట.

అక్కడే ఒక గడ్డని తవ్వి తీశాను. ఒక పక్క మెత్తబడి పాడైపోతోంది, ఎలాగూ దక్కదు. దాన్ని అమ్మగారి ముందే వరండా మెట్టు మీద పెట్టి నిలువుగా రెండు చెక్కలు చేశాను. చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డే, తెల్లటి పొరలు, కానీ ఘాటు ఉండదు, జిగురు మాత్రం సన్నటి దారాల్లా సాగుతుంది. ఆ పొరల్ని గోటితో ఒక్కొక్కటీ తప్పిస్తూ వెళితే, నాలుగు పొరలకొకసారి, రెండు పొరల సందులో, పాలిపోయిన పసుపు రంగులో చదునుగా బియ్యపు గింజంత ఒకటి కనబడింది. ఇంకో నాలుగు పొరలు లోపలికి వెళితే ఆవగింజకన్నా చిన్నది ఇంకొకటి. మొదటిది వచ్చే మార్చిలో పూయాల్సిన కాడ. రెండోది ఆ పై మార్చిది. ఈ మొక్క పద్ధతే అంత: నాలుగు ఆకులు, ఒక పూల కాడ, మళ్ళీ నాలుగు ఆకులు. ఒక్కో పొరా ఒక్కో ఆకు అడుగుభాగమే. కాడ లోపల పుట్టిన దగ్గర్నుంచి బయటికొచ్చి పూసేసరికి ఏడాది, అంతకు మించి కూడా పడుతుంది, అంతకాలమూ దాన్ని మేపేది ఆకులే. జూన్‌లో ఆకులు కోశామంటే రాబోయే రెండు వేసవుల పూలకి తిండి ఆపేశామన్నమాట. అమ్మగారు ఆ బియ్యపు గింజని వేలి కొసమీద పెట్టుకుని కాసేపు చూసి, “అయితే మేమే కోసేసుకున్నాం పూలని” అన్నారు.

గడ్డ మొక్కలు పెంచే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. పువ్వు సంగతి తర్వాత, ఆకులు లెక్కపెట్టండి. ఒక గడ్డ ఏడాదిలో ఎన్ని పెద్ద ఆకులు, ఎన్ని నెలలపాటు నిలబెట్టుకుందో అదే దాని సంపాదన. పిలకలు పెట్టేదీ, గడ్డ లావెక్కేదీ, పూసేదీ ఆ సంపాదనలోంచే.

ఆ వేసవి పాదుని కదపలేదు. ఆకులు ముట్టుకోవద్దని మాలికి గట్టిగా చెప్పి, మామిడి కొమ్మలు రెండు తీయించి, పదిహేను రోజులకొకసారి కొంచెం వర్మీకంపోస్ట్ వేయించాను. జూన్ మొదటి వారంలో, తొలకరికి ముందు, మొత్తం తవ్వాం. దర్జీ టేపు పెట్టి ఒక్కో గడ్డ చుట్టుకొలత కొలిచాను. ఈ పని చాలామంది అనవసరం అనుకుంటారు కానీ, గడ్డ పూస్తుందా లేదా అన్నది ఎత్తు చూసి చెప్పలేం, నడుము చూసి చెప్పాలి. 20 సెంటీమీటర్లు దాటితే పూస్తుందని ఆశపడొచ్చు. 29 గడ్డలు దొరికాయి. పెద్దవి 7, మధ్యరకం 8, నిమ్మకాయంత చిన్న పిలకలు 9, కుళ్ళిపోయినవి 5. కావలసినవేమో 35: పిల్లలకి తలా అయిదు, కరీంనగర్‌లో ఉన్న చెల్లెలికి అయిదు, తనకి అయిదు. చేతిలో ఉన్నవి 24.

పిలకల కోసం ఎదురుచూస్తే ఈ రకం ఏడాదికి గడ్డకి ఒకటో రెండో పెడుతుంది. అందుకని గడ్డ కోసి పెంచే పద్ధతి ఎంచుకున్నాను. నిలువుగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోంచి రెండేసి పొరలు జంటగా, అడుగున వేళ్ళు పుట్టే గట్టి చక్రం కొంచెం అంటుకుని ఉండేలా విడదీస్తారు. ఉల్లిగడ్డ తరిగేటప్పుడు మనం ముందుగా కోసి పారేస్తామే, ఆ చక్రమే ఇక్కడ ప్రాణం. అది అంటుకుని లేని పొర ఎంత బాగున్నా దండగే. ఆ జంట పొరల మధ్య, చక్రానికి ఆనుకుని, కొత్త బుల్లి గడ్డ పుడుతుంది.

జూన్‌లో, తవ్విన రోజే, రెండు పెద్ద గడ్డలు కోసేశాను. అదే నా తప్పు. అమ్మగారికి టైమ్ తక్కువ ఉందన్న టెన్షన్‌లో నేను తొందరపడ్డాను. గడ్డలు అప్పటికి ఆకులతో, నిండా రసంతో ఉన్నాయి. కోసిన చోటల్లా నీరు కారుతోంది. 50 ముక్కలు వచ్చాయి. మందు నీళ్ళలో ముంచి, తడిపిన కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, పాలిథిన్ కవర్లలో వేసి మా ఇంట్లో బీరువా పక్కన పెట్టాను. ఆ కోకోపీట్ కడగని రకం, ఇటుక లాంటిది తెచ్చి నానబెట్టి వాడేశాను, ఉప్పు ఎంతుందో చూడలేదు, చేత్తో పిండితే నీళ్ళు కారేంత తడి కూడా ఉంది. గదిలో వేడి పగలంతా 32 డిగ్రీలు. పన్నెండో రోజున కవరు విప్పితే పులిసిన వాసన కొట్టింది, ముక్కల అంచుల మీద నీలం ఆకుపచ్చ కలిసిన బూజు, వేలితో నొక్కితే పొర జారిపోయింది. 50లో 7 ముక్కలు మిగిలాయి, వాటిలో బతికి బట్టకట్టినవి 3. ఉన్న ఏడు పెద్ద గడ్డల్లో రెండు అలా పోగొట్టాను. ఆ సాయంత్రమే అమ్మగారింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు, “మిగతావి జాగ్రత్త” అన్నారంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిగిలిన 22ని కుండీల్లో పెట్టాం. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. గడ్డ మెడా, పైన మూడో వంతూ మట్టికి పైనే ఉండాలి, వాన నీళ్ళు మెడలోకి దిగి నిలవకూడదు. కుండీ గడ్డకి మరీ పెద్దది వద్దు, చుట్టూ రెండు వేళ్ళ జాగా చాలు, ఎక్కువ మట్టి ఉంటే వానాకాలంలో ఆరదు. అన్నిటినీ వాళ్ళ మిద్దె మీద, పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలేచోట పెట్టించాను. జులై నుంచి ఆకులు కత్తుల్లా లేచాయి. ఆ నాలుగు నెలలూ మొక్కని మేపడమే పని. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తబడి మచ్చ తెగులు వస్తుంది, అందుకని యూరియా జోలికి పోలేదు, పొటాష్ ఎక్కువుండే ఎరువు పలుచగా, నెలకి రెండుసార్లు.

అక్టోబర్ మధ్యలో, రెండో ప్రయత్నం కోసం రెండు పెద్ద గడ్డల్ని ఎంచి వాటికి నీళ్ళు ఆపేశాను. ఆకులు వాటంతటవే పసుపెక్కి వాలిపోయాయి, అంటే ఆకులోని సారం గడ్డలోకి దిగిపోయింది. నవంబర్ మొదట్లో తవ్వి, మట్టి దులిపి, నీడలో గాలి తగిలేచోట పది రోజులు ఆరబెట్టాను. ఇక్కడొక మాట చెప్పాలి. ఆరబెట్టినప్పుడు వాటిని వంటింటి బాల్కనీలో ఉంచితే, వంటకొచ్చే అమ్మాయి ఒకటి చేతిలోకి తీసుకుని పైపొర ఒలవబోయింది. ఈ జాతి గడ్డల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు, కుక్కలకీ పిల్లులకీ మరీ ప్రమాదం. కాబట్టి ఈ గడ్డల్ని వంటింటి ఛాయలకి కూడా రానివ్వకండి, ఆరబెట్టే పళ్ళెం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. కోసేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, రసం తగిలితే చర్మం దురద పెడుతుంది.

కోసే రోజున అమ్మగారు కూడా కూర్చున్నారు. బాగున్న గడ్డని కోయడం ఆవిడకి ఇష్టం లేదు. “మార్చిలో పూసేదే కదా ఇది” అని గడ్డ మీద చెయ్యి వేసి అడిగారు. పూసేదేనమ్మా, కానీ పూస్తే ఒక్కటే, కోస్తే ఇరవై అవుతాయి అన్నాను. జూన్‌లో పోగొట్టిన దాన్ని నేనే, ఆ మాట అనడానికి నోరు తడారిపోయింది. కొంచెంసేపు ఆలోచించి ఆవిడే గడ్డని నా ముందుకి తోశారు.

ముందు మెడ కోసేశాను, పాత వేళ్ళు చక్రం దాకా కత్తిరించాను. చక్రాన్ని మాత్రం సన్నగా, అర అంగుళంలో నాలుగో వంతు గీరి తెల్లటి కండ కనబడేలా చేశాను. తర్వాత గడ్డని తలకిందులుగా పెట్టి, కేకు కోసినట్టు చక్రం మీదుగా నిలువుగా పన్నెండు ముక్కలు. ప్రతి కోతకీ బ్లేడుని స్పిరిట్‌తో తుడిచాను. ఆ తర్వాతే అసలు నేర్పు: ఒక్కో ముక్కని పక్కకి పడుకోబెట్టి, బయట నుంచి రెండు పొరలు లెక్కపెట్టి, వాటి సందులో బ్లేడు కొస దింపి కిందికి జరిపితే చక్రం దగ్గర చిన్నగా ‘టిక్’మని తగులుతుంది, అక్కడ కొంచెం వాలుగా నొక్కాలి, చక్రం ముక్క రెండు పొరలకీ సమంగా అంటుకుని వస్తుంది. మొదటి నాలుగైదు ముక్కలు నాకు సరిగ్గా రాలేదు. చెయ్యి తిరిగాక తేలికే. మొత్తం 54 జంటలు వచ్చాయి. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు పౌడర్ లీటరు నీళ్ళకి 2 గ్రాములు వేసి, అరగంట ముంచి, తీసి పేపర్ మీద గంటసేపు ఆరబెట్టాను. ఈసారి కోకోపీట్ వాడలేదు. వర్మిక్యులైట్ (వేడికి ఉబ్బించిన తేలికపాటి ఖనిజపు పలుకులు) తెచ్చి, పది పాళ్ళకి ఒక పాలు నీళ్ళు మాత్రమే కలిపాను. చేత్తో పట్టుకుంటే చల్లగా అనిపించాలి, తడి అంటకూడదు. కవర్లలో వేసి, సగానికి పైగా గాలి ఉంచి మూతి కట్టి, అట్టపెట్టెలో చీకట్లో పెట్టాను.

హైదరాబాద్‌కి చలికాలం ఎంత మంచి వరమో ఈ పనిలోనే తెలిసింది. జంట పొరలకి కావాల్సింది 20 నుంచి 25 డిగ్రీల వేడి. చలిదేశాల్లో దానికోసం హీటర్లు పెడతారు. మనకి నవంబర్ నుంచి జనవరి దాకా ఇంటి లోపల, ఉత్తరం గదిలో, చిన్న థర్మామీటర్ పెట్టి రోజూ చూస్తే 22, 23, ఎప్పుడైనా 26. ఏ ఖర్చూ లేకుండా. వారానికోసారి కవరు విప్పి వాసన చూసేదాన్ని. మట్టి వాసన వస్తే సరే. పులుపు వస్తే ఆ ముక్క వెతికి తీసేయాలి. తీసినవి పదకొండు. డిసెంబర్ ఆఖరి వారంలో మొదటిది కనబడింది. రెండు పొరల మధ్య, చక్రం అంచున, ముత్యంలాగా, కందిగింజంత తెల్లటి బొడిపె. ఫోటో తీసి అమ్మగారికి పంపాను. ఫిబ్రవరి రెండో వారానికి 43 ముక్కలు పట్టుకున్నాయి, నాలుగింటికి కవలలు, మొత్తం 47 బుల్లి గడ్డలు.

ఈలోగా సంక్రాంతి వచ్చింది, వెళ్ళింది. జనవరి ఆఖర్లో ఇల్లు ఖాళీ చేశారు. కుండీలన్నీ ఆటో ట్రాలీలో సైనిక్‌పురిలో ఉన్న వాళ్ళ రెండో అమ్మాయి ఇంటి మిద్దె మీదికి చేర్చాం. మామిడి చెట్టు పడిపోయిన రోజున అమ్మగారు అటు వెళ్ళలేదు. మార్చిలో ఆ మిద్దె మీద పెద్ద గడ్డలు మూడింటిలో మూడూ, మధ్యరకంలో రెండూ పూశాయి. ఒక్కో కాడకి నాలుగేసి పూలు. పాదులో మూడేళ్ళుగా రాని పూలు ఒక్క వానాకాలం ఆకులు నిలబెడితే వచ్చాయి. దానికి నేను చేసిన మాయ ఏమీ లేదు. నవంబర్ మధ్య నుంచి జనవరి ఆఖరు దాకా ఆ కుండీలకి నీళ్ళు ఆపి ఎండబెట్టాం, ఫిబ్రవరి మొదట్లో ఒకసారి నిండా నీళ్ళు పోశాం, అయిదో వారానికి మెడ పక్కనుంచి మొగ్గ ముక్కు కనబడింది.

బుల్లి గడ్డలకి మాత్రం ఈ విశ్రాంతి వర్తించదు, దీన్ని గట్టిగా చెప్తున్నాను. పెద్ద గడ్డల్ని ఎండబెడుతున్నామని పక్కనున్న పిల్లల్ని కూడా ఎండబెడితే ఏడాది నష్టపోతాం. మొదటి రెండేళ్ళు వాటికి చలికాలంలో కూడా నీళ్ళు ఇస్తూ ఆకు నిలబెట్టాలి. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి అవి డిసెంబర్‌లోనూ పెరుగుతూనే ఉంటాయి. ఫిబ్రవరిలో వాటిని పాత పొరతో సహా, సీడ్లింగ్ ట్రేల్లో, మెడ బయట కనబడేలా నాటాను. పాత పొర కొన్నాళ్ళు వాటికి అన్నం పెడుతుంది, అదే ఎండి రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 50 శాతం షేడ్ నెట్ కింద. బోరు నీళ్ళతో కుండీల అంచున తెల్ల పొర కట్టడం మొదలైంది, ఆకు కొసలు మాడాయి, అందుకని మున్సిపల్ నీళ్ళే పోయించాను, వాన పడ్డాక వాన నీళ్ళు పట్టి పెట్టుకున్నాం.

2023 ఆగస్టు మూడో వారంలో నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి మూడు ట్రేలలో ఆకులు లేవు. గడ్డ మెడ దాకా కొరికేశాయి. లిల్లీ గొంగళి పురుగు, నల్లటి ఒంటి మీద తెల్ల మచ్చలు, మధ్యలో ఎర్రటి, పసుపు చుక్కలు ఉంటాయి, వానాకాలంలో ఈ జాతి మొక్కలు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తుంది. పెద్ద మొక్క తట్టుకుంటుంది, వేలెడంత మొక్కకి ఉన్న రెండాకులే ఆస్తి. ఎనిమిది పోయాయి. ఆ తర్వాత నుంచి రోజూ సాయంత్రం టార్చి పట్టుకుని ఆకుల అడుగున గుడ్ల గుంపులు తుడిచేయడం, పురుగు కనబడితే ఏరి సబ్బు నీళ్ళలో వేయడం, వారానికోసారి వేపనూనె కొట్టడం. అమ్మగారి మనవరాలు, తొమ్మిదో తరగతి, ఆ టార్చి పని తనే తీసుకుంది, నాకంటే బాగా చేసింది. ఆకుల మీద ఎర్ర మచ్చలు, గీతలు పడితే అది ఫంగస్ తెగులు, ఆ ఆకు కోసేసి కుండీల మధ్య దూరం పెంచాలి, పై నుంచి నీళ్ళు పోయకూడదు. పొరల సందుల్లో పిండినల్లి కూడా దూరుతుంది. ఈ రెండూ మాకు ఒకటి రెండు కుండీల్లోనే వచ్చాయి, తొందరగా తగ్గాయి.

2024లో చెప్పుకోదగ్గ విషయం ఏమీ లేదు, అదే మంచిది. నీళ్ళు, ఎండ, ఆకులు. మధ్యరకంవి ఎనిమిదీ పూశాయి. జూన్‌లో ట్రేల నుంచి అయిదంగుళాల కుండీల్లోకి మార్చినప్పుడు కోత గడ్డలు, అంటే జంట పొరల నుంచి పెంచినవి, 36 ఉన్నాయి, జూన్ 2022 నాటి మూడింటితో కలిపి 39. కొన్ని అప్పటికే 14, 15 సెంటీమీటర్లు. ఎక్కువ ఆకులు నిలబెట్టినవే లావెక్కాయి, నేను ప్రతి కుండీ మీదా ఆకుల సంఖ్య రాసి పెట్టాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

ఈ రెండేళ్ళలో చాలామంది, అంత కష్టమెందుకు, ట్యూలిప్ గడ్డలు తెప్పించుకోవచ్చుగా అన్నారు. ట్యూలిప్‌కి పన్నెండు వారాల పైన చలి కావాలి. శ్రీనగర్ ట్యూలిప్ తోట ఉన్న చోట ఆ చలి ఉంది, అయినా అక్కడికి కూడా నెదర్లాండ్స్ గడ్డలు తెప్పిస్తారు. ఇక్కడ ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పూయించవచ్చు, అదీ ఆ ఫ్రిజ్‌లో ఆపిల్స్ లేకపోతేనే, పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువు లోపలి మొగ్గని చంపేస్తుంది. పూసిన గడ్డని మాత్రం రెండో ఏడాదికి మన వేడిలో నిలబెట్టలేం. ఇక పిలకలా? ఆశ పెట్టుకోకండి. హైదరాబాద్‌లో వేసవి గడ్డ పూలు పెంచి పెద్దవి చేసుకోవాలంటే గడ్డ లిల్లీ, మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, వాన పడగానే లేచే రెయిన్ లిల్లీ, ఇవి. రెయిన్ లిల్లీ ఎవరైనా విడదీయొచ్చు, గుప్పెడు తీసి నాటితే చాలు. ఫుట్‌బాల్ లిల్లీని మాత్రం ఊరికే కదపకండి, వేళ్ళు తెగితే అలిగి ఒక ఏడాది పూయదు.

పంపకం 2024 డిసెంబర్‌లో పెట్టుకున్నాం, పెద్ద గడ్డలు నిద్రలో ఉండే కాలం, ఎంత దూరమైనా అట్టపెట్టెలో వెళతాయి. ఒక్కో గడ్డనీ పేపర్లో చుట్టి, పెట్టెకి చిల్లులు పెట్టి, లోపల ఎండు గడ్డి. విజయవాడకి, బెంగళూరుకి బస్సులో వెళ్ళే మనుషుల చేతే పంపాం, కూకట్‌పల్లిలో చిన్నబ్బాయికి నేనే ఇచ్చొచ్చాను, వాళ్ళది పడమటి బాల్కనీ, మధ్యాహ్నం ఎండకి షేడ్ నెట్ కట్టమన్నాను. ఒక్కో పెట్టెలో పూసే గడ్డలు, పిలకలు, కోత గడ్డలు కలిపి అయిదేసి, అందరికీ సమానంగా వచ్చేలా అమ్మగారే ఏరారు. పెద్దబ్బాయి అమెరికాలో ఉంటారు. గడ్డల్ని సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్ళకూడదు, మొక్కకి పురుగూ తెగులూ లేవని ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి, అది లేకుండా ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. అందుకని ఆయన అయిదూ సైనిక్‌పురి మిద్దె మీదే, ఆయన పేరు రాసిన కుండీల్లో ఉన్నాయి.

2025 మార్చి, ఏప్రిల్‌లలో లెక్క ఇది. పెద్దవి మూడూ, మధ్యరకం ఎనిమిదీ, 2022 నాటి చిన్న పిలకల్లో ఆరూ పూశాయి. కోత గడ్డల్లో నాలుగు పూశాయి, అంటే బ్లేడు పడిన రెండేళ్ళ నాలుగు నెలలకి. ఆ నాలుగూ 20 సెంటీమీటర్లు దాటినవే. ఒక్కో కాడకి రెండేసి పూలే వచ్చాయి, అయినా రేకు మధ్యలో ఆ తెల్ల చార అచ్చం అలాగే ఉంది. అమ్మగారు కుర్చీ వేయించుకుని పువ్వుని దగ్గరికి వంచి, చార మీద వేలు పెట్టి కొస దాకా జరిపి చూశారు. తర్వాత ఫోన్ తీసి కరీంనగర్ చెల్లెలికి వీడియో కాల్ చేసి, “నీ కుండీ పట్టుకురా, పక్కపక్కన పెట్టి చూద్దాం” అన్నారు. ఆవిడ దగ్గర కూడా ఒకటి పూసింది. రెండు ఫోన్లలో రెండు పువ్వులు పెట్టుకుని అక్కాచెల్లెళ్ళు అరగంట వాళ్ళ అత్తగారిళ్ళ గురించి మాట్లాడుకున్నారు, నేను ఈలోపు కుండీలన్నిటికీ చుట్టుకొలతలు తీసుకున్నాను.

ఇంకా పూయాల్సిన కోత గడ్డల్లో పద్దెనిమిది ఈ వానాకాలానికి 20 దాటేలా ఉన్నాయి. తొలకరి పడగానే వాటిని ఎనిమిదంగుళాల కుండీల్లోకి మార్చాలి. ఎర్రమట్టి చెప్పి ఉంచాను, ఇసుక ఇంకా రాలేదు.